వాకింగ్ ఫుట్‌తో 6 ఏళ్ళు, 14 బొంతలు

మొదటి బొంత మామూలు ఫుట్‌తోనే (కుట్టు మెషిన్‌లో సూది దగ్గర బట్టని నొక్కిపట్టే భాగం) కుట్టా. పొరలన్నీ కలిపి కుట్టే అడ్డగీతలన్నీ బాగానే వచ్చాయి, నిలువు గీతలు మొదలుపెట్టాక అసలు కష్టం తెలిసింది. ప్రతి అడ్డగీత దగ్గరికి వచ్చేసరికి ఫుట్ ముందు పైబట్ట చిన్న అలలా పోగయ్యేది, వేలితో ఎంత సర్దినా చివరికి మడత పడి ఆ మడత మీంచే కుట్టు వెళ్ళిపోయేది. ఇక తిరగేసి చూస్తే అడుగు బట్ట ఇంకా ఘోరం. నిజంగా ఏడుపొచ్చేసింది, ఎందుకంటే ముక్కలు కోసి అతకడానికే రెండు నెలలు పట్టింది నాకు.

తర్వాత అర్థమైంది ఏంటంటే, మెషిన్ కింద ఉండే పళ్ళు అడుగు బట్టని మాత్రమే పట్టి లాగుతాయి, పైన ఉన్న ఫుట్ ఊరికే నొక్కిపెట్టి ఉంచుతుంది, మధ్యలో బ్యాటింగ్ అనే మెత్తటి దూది లాంటి పొర ఉంది కాబట్టి కింది పొర వెళ్ళినంత వేగంగా పై పొర వెళ్ళదు, ఆ మిగిలిన బట్టంతా ముందుకి తోసుకొస్తుంది. వాకింగ్ ఫుట్‌కి తన పళ్ళు తనకి ఉంటాయి, పక్కన ఒక చిన్న చెయ్యి సూది బిగించే స్క్రూ మీద కూర్చుంటుంది, సూది లేచి దిగినప్పుడల్లా ఆ చెయ్యి కూడా లేచి పై పళ్ళని నడిపిస్తుంది. పై పొర, కింది పొర ఒకేసారి కదులుతాయి. రెండో బొంతకి ఇది పెట్టా, గీతలు కలిసే చోట పైన ఒక్క ముడత కూడా రాలేదు, ఆ రోజు సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

కానీ వెనక్కి తిప్పితే మడతలు అలాగే ఉన్నాయి! అందుకే ఈ రివ్యూ రాస్తున్నా, ఫుట్ కొంటే అన్నీ సర్దుకుంటాయి అనుకుని కొనకండి. వెనక మడతలు పోయేది నేల మీద, మెషిన్ దగ్గర కాదు. అడుగు బట్టని నాలుగు వైపులా 3, 4 అంగుళాలు ఎక్కువ ఉంచి, నేల మీద పరిచి, అంచులు టేపుతో అంటించాలి, బిగుతుగా ఉండాలి కానీ సాగకూడదు, సాగితే టేపు తీయగానే వెనక్కి ముడుచుకుంటుంది. దాని మీద బ్యాటింగ్, దాని మీద పైబట్ట, అప్పుడు మధ్యలోంచి బయటికి పిన్నీసులు, అరచెయ్యి ఎక్కడ పెట్టినా ఒక పిన్నీసు తగిలేంత దగ్గరగా. మోకాళ్ళు పట్టేస్తాయి, ఒక పూట పోతుంది. ఈ పని నాకస్సలు నచ్చదు, అయినా ఒక్కసారి కూడా తగ్గించను ఇప్పుడు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఫుట్ లావుగా ఉంటుంది, సూది చుట్టూ ఏం జరుగుతుందో సరిగ్గా కనపడదు. వెనక్కి కుట్టడానికి చాలావాటిలో పనికిరాదు. తిన్నటి గీతలు, మెల్లగా తిరిగే వంపులు వరకే, పువ్వులు లతలు కుట్టాలంటే కింది పళ్ళు దించి వేరే ఫుట్ పెట్టుకోవాల్సిందే. స్పీడ్ పెంచితే పై పొర మళ్ళీ జారుతుంది, మధ్యస్థంగా కుట్టండి, కుట్టు పొడవు 3 మి.మీ. దగ్గర పెట్టండి. ఇంకోటి, ఆ అదురుకి సూది స్క్రూ మెల్లగా వదులైపోతుంది, నాకు ఒకసారి కుడుతుండగానే సూది ఊడి బ్యాటింగ్‌లోకి పోయింది, గంటసేపు వెతికా. అప్పట్నుంచి బాబిన్ మార్చిన ప్రతిసారీ స్క్రూ కూడా బిగిస్తా. కొనేముందు మీ మెషిన్‌ది "లో షాంక్" రకమా "హై షాంక్" రకమా (ఫుట్ బిగించే చోటు తక్కువ ఎత్తులో ఉందా, ఎక్కువ ఎత్తులో ఉందా) చూస్కోండి, తప్పుది తెస్తే అసలు కూర్చోదు.

ముక్కలు అతికే దగ్గర తప్పు జరిగితే దాన్ని కూడా ఈ ఫుట్ దాచలేదు. పావు అంగుళం కుట్టు అంటే పావు అంగుళమే. రెండు ముక్కల్లోనూ అంగుళంలో 16వ వంతు ఎక్కువ తీసుకున్నారనుకోండి, ఒక్కో కుట్టుకి 8వ వంతు పోతుంది, వరసలో 12 కుట్లు ఉంటే ఒకటిన్నర అంగుళం తక్కువ వస్తుంది, పక్క వరసతో ఒక్క మూల కూడా కలవదు. ఇస్త్రీ కూడా రుద్దకుండా ఎత్తి ఎత్తి అద్దాలి, ఏటవాలుగా కోసిన ముక్కలు ఊరికే సాగిపోతాయి.

ఇంత పడ్డాక నాకు ఇష్టమైన క్షణం మొదటి ఉతుకు. కాటన్ బ్యాటింగ్ కొంచెం కుంచించుకుంటుంది కదా, కుట్టు కుట్టుకీ మధ్య బట్ట బుస్సుమని ఉబ్బి, అంతా సన్నగా ముడతలు తేలి, అప్పటిదాకా అట్టముక్కలా ఉన్నది ఒక్కసారిగా బొంత అవుతుంది. తడి ఆరీ ఆరకుండానే చేత్తో తడుముతూ కూర్చుంటా.

మొన్న మా చెల్లి ఆ మొదటి బొంత తెచ్చింది, అంచు చిరిగిందని. పాత అంచు పట్టీ విప్పేసి కొత్తది చేత్తో కుట్టి ఇచ్చా. పనిలో పనిగా ఆ వెనక మడతలు కూడా విప్పి సరిచేద్దాం అనుకున్నా, చెల్లి వద్దంది. వాళ్ళబ్బాయికి ఆ మడతల్లో వేళ్ళు దూర్చుకుంటే గానీ నిద్ర పట్టదంట.