మైనం కలిపిన చిల్లర్ ద్రవం: చాలాకాలం నడిపాక నా మాట

మా ఏసీ ప్లాంట్‌లో చిల్లర్ (ద్రవాన్ని చల్లబరిచే యంత్రం) నుంచి గదులకు తిరిగే మామూలు చిల్డ్ వాటర్ తీసేసి, మైనపు గుళికలు కలిపిన ద్రవం నింపి కొన్నేళ్లవుతోంది. గుళికలంటే కంటికి కనిపించేవి కావు, కొన్ని మైక్రాన్ల సైజువి, పైన పల్చటి పాలిమర్ పొర ఉంటుంది. కంపెనీ పేరు చెప్పను, నేను రాసేది ఈ రకం ద్రవాలన్నిటికీ దాదాపుగా వర్తిస్తుంది. వేడిని పట్టి ఉంచే విషయంలో అమ్మేవాళ్లు చెప్పేది నిజమే, గొడవంతా మిగతా చోట్ల ఉంది.

కిలో నీళ్లు 7 డిగ్రీల దగ్గర బయల్దేరి 12 దగ్గర తిరిగొస్తే మోసుకొచ్చే వేడి 21 కిలోజౌళ్లు. మా ద్రవంలో ఐదో వంతు మైనం, 10 డిగ్రీల దగ్గర కరిగే రకం. కిలో మైనం కరగాలంటే సుమారు 200 కిలోజౌళ్లు కావాలి కాబట్టి, అదే 5 డిగ్రీల తేడాలో ఈ ద్రవం కిలోకి 60 దాకా మోస్తుంది. దాదాపు మూడింతలు! మధ్యాహ్నం లోడ్ బాగా ఉన్నప్పుడు పంపు స్పీడు తగ్గించినా గదులు చల్లగానే ఉంటాయి, రాత్రి చల్లబరిచి మైనం గడ్డకట్టించి ఉంచిన ట్యాంకు మర్నాడు సాయంత్రం దాకా ఆదుకుంటుంది.

కానీ రిటర్న్, అంటే గదుల నుంచి తిరిగొచ్చే ద్రవం, నిజంగా 12 దగ్గర రావాలి. లోడ్ తక్కువున్న రోజుల్లో అది 9 దగ్గరే ఆగిపోతే మైనం కరగనే కరగదు, అప్పుడు మనం తిప్పుతున్నది నీళ్లకన్నా చిక్కగా ఉండి, నీళ్లకన్నా తక్కువ వేడి మోసే సరుకు, పంపు కరెంటు దండగ. పాత త్రీ-వే వాల్వులున్న లైన్లలో గదికి అక్కర్లేని సప్లై ద్రవం (చిల్లర్ నుంచి వచ్చేది) నేరుగా రిటర్న్‌లో కలిసిపోతుంది కాబట్టి ఈ బాధ ఇంకా ఎక్కువ. వాటిని మార్చకుండా ఈ ద్రవం జోలికి వెళ్లకండి.

ఇంకో సంగతి, దీని గురించి అమ్మేవాళ్లు నోరెత్తరు. 10కి కరిగే మైనం 10కే గడ్డకట్టదు. గుళిక ఎంత చిన్నదైతే అంత మొండికేస్తుంది. దానికోసం గడ్డకట్టడం మొదలుపెట్టించే పదార్థం కలుపుతారు, మాకు కొత్తలో 7 డిగ్రీల దగ్గర సరిపోయేది, ఇప్పుడు 5కి దింపితే తప్ప పూర్తిగా కట్టడం లేదు. ఛార్జింగ్ వేళ, అంటే ట్యాంకులో మైనాన్ని గడ్డకట్టించేటప్పుడు, ట్యాంకు ఉష్ణోగ్రత గీత ఎక్కడ చదునుగా ఆగుతుందో చూస్తే ఇది తెలిసిపోతుంది. చిల్లర్‌ని ఒక్కో డిగ్రీ కిందికి దింపేకొద్దీ అది కరెంటు ఎక్కువ తాగుతుందని వేరే చెప్పక్కర్లేదు కదా, పంపు దగ్గర మిగిల్చింది కొంత ఇక్కడే పోతుంది.

ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలో కొంచెం పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. మాది పొద్దున్నకి పాల మీద మీగడలా పైన తెల్లటి పొర కట్టి, కింద నీళ్లు పల్చగా తేరుకుని ఉంటాయి. మైనం నీళ్లకన్నా తేలిక, తేలడం దాని స్వభావం. సీసా ఊపితే మళ్లీ కలిసిపోతే పర్వాలేదు. ఊపినా పైన జిడ్డు తెట్టెలు మిగిలితే గుళికలు పగిలినట్టే. వేగంగా తిరిగే సెంట్రిఫ్యూగల్ పంపు, ఫ్లో తగ్గించడానికి సగం మూసిన థ్రాట్లింగ్ వాల్వు, ఈ రెండూ వాటి పాలిట యముళ్లు. మా స్ట్రెయినర్ జల్లెడ మీద సుద్దలా తెల్లటి ముద్ద కనిపించాక వాల్వులు పూర్తిగా తెరిచి, ఫ్లో అంతా వీఎఫ్‌డీతోనే (పంపు మోటారు స్పీడు మార్చే పరికరం) అదుపు చేస్తున్నాం, అప్పటినుంచి ముద్ద బాగా తగ్గింది.

గుళికలు పగిలితే బయటికొచ్చేది నూనెలాంటి హైడ్రోకార్బన్. చిల్డ్ వాటర్ ప్లేట్ ఎక్స్‌ఛేంజర్లలో (పలకల మధ్య వేడి మార్చే పరికరాలు) మామూలుగా ఉండే ఈపీడీఎం రబ్బరు గాస్కెట్లు దాన్ని పీల్చుకుని ఉబ్బుతాయి. నైట్రైల్ రబ్బరువి వేయించండి, అదీ ద్రవం నింపకముందే. తగ్గిన ద్రవానికి బదులు తనంతట నీళ్లు నింపే ఆటోమేటిక్ మేకప్ వాటర్ లైన్ కూడా మూసేయండి, ఎక్కడో చిన్న లీకు ఉంటే నెమ్మదిగా అంతా నీళ్లయిపోతుంది, ఎవరికీ తెలీదు.

ఎంత చల్లదనం వాడామో కొలిచే బీటీయూ మీటర్ని మాత్రం నమ్మొద్దు. అది ఫ్లోని ఉష్ణోగ్రత తేడాతో గుణించి, నీళ్ల లెక్కే వేస్తుంది. కరగడంలో పట్టిన వేడి దానికి కనపడదు. మా దగ్గర నెలనెలా చల్లదనం బిల్లు దీనిమీదే పంచేవాళ్లు, ఎంత గొడవైందో!

కొనేముందు ఫ్యాక్టరీలో తాజా శాంపిల్ మీద తీసిన, మైనం ఏ ఉష్ణోగ్రత దగ్గర కరిగి గడ్డకడుతుందో చూపే గ్రాఫ్ చూపిస్తే సరిపెట్టుకోకండి. పంపులో చాలాకాలం తిప్పాక తీసిన గ్రాఫ్ అడగండి. మాకు అమ్మినవాళ్లు అడిగిన ప్రతిసారీ మొదటిదే పంపారు. ఈ బ్యాచ్ అయిపోయాక మేం మైనాన్ని ట్యాంకులోనే గట్టి డబ్బాల్లో ఉంచి, పైపుల్లో మామూలు నీళ్లే తిప్పుదామని అనుకుంటున్నాం. ట్యాంకు పెద్దదవుతుంది, స్థలం చూస్తున్నాం.