జీఎస్టీ రిటర్ను: పోర్టల్లో కొట్టాలా, ఎక్సెల్ నింపాలా, సాఫ్ట్‌వేర్ నుంచి పంపాలా – ఏది మేలు?

నెలకు పదిహేను బిల్లులు రాసే పైపుల కొట్టుకూ, ఆరొందలు రాసే మందుల హోల్‌సేల్ షాపుకూ జీఎస్టీ పోర్టల్ ఒకటే. నెలనెలా వేసేవాళ్లకు అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్-1 మరుసటి నెల 11కి, పన్ను లెక్క తేల్చి కట్టే 3బీ 20కి. టర్నోవర్ 5 కోట్ల లోపుండి, మూడు నెలలకోసారి వేసే క్యూఆర్‌ఎంపీ పద్ధతి ఎంచుకున్నవాళ్లకు జీఎస్టీఆర్-1 13కి, ఆంధ్ర, తెలంగాణల్లో 3బీ 22కి. సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చేవాళ్లు ‘ఒక్క క్లిక్కుతో రిటర్ను’ అంటారు. ఆ క్లిక్కు దాకా చేరాలంటే ముందు ఏం సర్దుకోవాలో మాత్రం వాళ్ల నోట రాదు.

ఎంచుకునేముందు కొలవాల్సింది ఒకటే: బిల్లు మీది అంకె ప్రభుత్వానికి చేరేలోపు ఎన్నిసార్లు చేత్తో కొట్టాల్సి వస్తోంది? బిల్లు పుస్తకంలో ఒకసారి, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రెండోసారి, ఆడిటరు గారి ఆఫీసులో ఎక్సెల్లో మూడోసారి కొట్టే షాపులు ఇప్పటికీ ఉన్నాయి. తప్పులు పుట్టేది ఆ రెండో, మూడో చేతి దగ్గరే.

పోర్టల్లో నేరుగా

దీన్ని చులకనగా చూడనక్కర్లేదు. కొనేవాళ్లలో ఎక్కువమందికి జీఎస్టీ నంబరు లేని కిరాణా, ఫ్యాన్సీ కొట్లకు ఇదే మేలు. అలాంటి అమ్మకాలను బిల్లువారీగా ఎక్కించే పని లేదు. రాష్ట్రం, పన్ను రేటు వారీగా మొత్తాలు చాలు. వేరే రాష్ట్రంలోని నంబరు లేని కొనుగోలుదారుకు లక్ష రూపాయలు దాటి బిల్లు రాస్తేనే దాన్ని విడిగా చూపాలి. ఈ హద్దు 2024 జులై దాకా రెండున్నర లక్షలుండేది. ఆ నెల వ్యాపారమే లేకపోతే కంప్యూటర్ కూడా అక్కర్లేదు, నిల్ రిటర్నును రిజిస్టరైన ఫోన్ నుంచి 14409కి ఎస్సెమ్మెస్ పంపి వేయొచ్చు.

పోర్టల్లో ఇంకో సుగుణం ఉంది. కొన్నవారి జీఎస్టీ నంబరు కొట్టగానే మొదటి రెండంకెలు చూసి రాష్ట్రాన్ని అదే పట్టుకుంటుంది. జగ్గయ్యపేట షాపు కోదాడ షాపుకు సరుకు పంపిందనుకోండి. నంబరు తెలంగాణ కోడ్ 36తో మొదలైంది కాబట్టి వేరే రాష్ట్రపు అమ్మకాలకు వేసే ఐజీఎస్టీ గడి తెరుస్తుంది. బిల్లు మీద సొంత రాష్ట్రపు అమ్మకాలకు వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసేసి ఉంటే అక్కడే దొరికిపోతుంది.

ఇబ్బంది పెట్టేది హెచ్‌ఎస్‌ఎన్, అంటే సరుకు రకాన్ని తెలిపే కోడ్‌ల పట్టిక. 2025 మే నెల రిటర్ను నుంచి కోడ్‌ను చేత్తో రాయడం కుదరదు, జాబితాలోంచే ఎంచుకోవాలి. నంబరున్నవాళ్లకు అమ్మినదీ, లేనివాళ్లకు అమ్మినదీ వేర్వేరు ట్యాబుల్లో చూపాలి. మొదటి బిల్లు నంబరు, చివరి నంబరు, మధ్యలో రద్దయినవి ఎన్ని అన్న పట్టిక కూడా అప్పటి నుంచి తప్పనిసరి. కాబట్టి పోర్టల్ సరిపోతుందా లేదా అన్నది బిల్లుల సంఖ్యను బట్టి మాత్రమే తేల్చకండి. ఇరవై బిల్లులే ఉన్నా వాటిలో నలభై రకాల హెచ్‌ఎస్‌ఎన్‌లుంటే, ఒక్కో కోడ్‌కూ ఒక్కో రేటుకూ పరిమాణం, విలువ కూడటంలోనే ఒక పూట గడిచిపోతుంది. మా లెక్కన నెలకు 30 బిల్లులు, పది కోడ్‌ల దాకా పోర్టల్‌తో నెట్టుకురావచ్చు.

ఎక్సెల్, ఆఫ్‌లైన్ టూల్

జీఎస్టీ నెట్‌వర్క్ ఉచితంగా ఇచ్చే ఆఫ్‌లైన్ టూల్‌లోకి ఎక్సెల్ టెంప్లేటు లాగి, పోర్టల్ చదవగలిగే జేసన్ ఫైలు తయారుచేసి, పోర్టల్లో ‘ప్రిపేర్ ఆఫ్‌లైన్’ దగ్గర ఎక్కించే పద్ధతి ఇది. ఖర్చు లేదు. చిన్న ఆడిటర్ ఆఫీసులు చాలావరకు దీని మీదే నడుస్తాయి. అన్ని పద్ధతుల్లోకీ ఎక్కువ ప్రమాదం ఉన్నదీ ఇదే.

ఎక్సెల్ అడగకుండానే సాయం చేస్తుంది, చిక్కంతా దానితోనే. ఎండుమిర్చి కోడ్ 0904. గడిని ముందే ‘టెక్స్ట్’ ఫార్మాటులోకి మార్చకపోతే ముందున్న సున్నా ఎగిరిపోయి 904 మిగులుతుంది. పసుపు 0910 అయితే 910 అవుతుంది. గుంటూరు, నిజామాబాద్ వ్యాపారులకు ఇది ప్రతి నెలా ఎదురయ్యే సంగతే. బిల్లు నంబరు 12-5 అని రాస్తే అది 12-మే అనే తేదీ అయి కూర్చుంటుంది. తేదీలో రోజు, నెల తారుమారై మే 4 కాస్తా ఏప్రిల్ 5 అయిపోతుంది. టెంప్లేటు అడిగేది రోజు, ఇంగ్లిష్ నెల పేరులో మూడక్షరాలు, సంవత్సరం అన్న వరుస. ఇక బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, అందులో గీత, వాలుగీత తప్ప వేరే గుర్తులుండకూడదు. షాపు పేరు మొత్తం బిల్లు నంబర్లో ఇరికించేవాళ్లకు ఫైలు తిరిగొచ్చేది ఇందుకే.

తప్పని ఎర్రర్ వస్తే నయమే, దిద్దుకుంటాం. ఎర్రర్ రాకుండా తప్పు అంకె లోపలికి వెళ్లిపోతేనే ముప్పు. వరుస జారి రాజమండ్రి షాపు బిల్లు ఏలూరు షాపు నంబరు మీద పడిందంటే పోర్టల్ కిక్కురుమనదు. రెండు నెలల తర్వాత రాజమండ్రి నుంచి ‘మా ఇన్‌పుట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు వచ్చే తగ్గింపు) పడలేదు’ అని ఫోనొచ్చాక గానీ తెలియదు.

పైగా ఇప్పుడు దిద్దుబాటుకు చోటు తగ్గింది. 2025 జులై నెల రిటర్ను నుంచి 3బీలో అమ్మకాల పన్ను జీఎస్టీఆర్-1 నుంచే వచ్చి కూర్చుంటుంది, మార్చడానికి వీల్లేదు. జీఎస్టీఆర్-1 వేసేశాక తప్పు కనిపిస్తే, 3బీ వేసేలోపు జీఎస్టీఆర్-1ఏ ద్వారా ఆ నెలకు ఒకే ఒక్కసారి సవరించుకోవాలి. ‘1లో ఏదో ఒకటి వేసేద్దాం, 3బీలో సరిచేద్దాం’ అన్న పాత అలవాటు ఇక చెల్లదు.

సాఫ్ట్‌వేర్ నుంచి జేసన్, సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా

ఈ రెంటికీ పునాది ఒకటే. బిల్లు సాఫ్ట్‌వేర్‌లోనే పుట్టాలి. కాగితం మీద రాసి నెలాఖరున ట్యాలీలో ఎక్కించే షాపుకు సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైనా ఎక్సెల్‌తో సమానమే.

జేసన్ పద్ధతిలో రిటర్ను ఫైలును సాఫ్ట్‌వేరే రాసిస్తుంది, దాన్ని మనం పోర్టల్లో ఎక్కిస్తాం. పోర్టల్ దాన్ని అరిగించుకోవడానికి పదిహేను నిమిషాలదాకా పట్టొచ్చు. తర్వాత ఎర్రర్ రిపోర్టు చూసి, సమ్మరీ తెప్పించి, ఓటీపీతోనో డిజిటల్ సంతకంతోనో దాఖలు చేయాలి. కంపెనీలకూ, ఎల్‌ఎల్‌పీలకూ డిజిటల్ సంతకమే.

నేరుగా పంపే పద్ధతికి ముందు పోర్టల్లో ‘మై ప్రొఫైల్’లోని ‘మేనేజ్ ఏపీఐ యాక్సెస్’కి వెళ్లి, సాఫ్ట్‌వేర్ పోర్టల్‌తో నేరుగా కలవడానికి అనుమతి తెరవాలి. 6 గంటల నుంచి 30 రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు. ‘లాగిన్ అవట్లేదు, సాఫ్ట్‌వేర్ పాడైంది’ అనే ఫోన్లలో చాలావాటికి కారణం ఈ గడువు తీరిపోవడమే. ట్యాలీప్రైమ్‌లో 5.0 నుంచి ఆల్ట్+జెడ్ మెనూలోనే అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ ఉన్నాయి. కాకపోతే ఏటా చందా కట్టి ఉంటేనే అవి పనిచేస్తాయి.

అమ్మకాల వరకే చూసుకుంటే ఈ రెంటి మధ్య తేడా ఐదు నిమిషాలు. దానికోసం డబ్బు పెట్టడం దండగ. జేసన్‌కు ఇంకో సౌకర్యం ఉంది, పంపిన ఫైలు మన దగ్గర సాక్ష్యంగా మిగులుతుంది. నేరుగా పంపే సాఫ్ట్‌వేర్ డబ్బు తిరిగి సంపాదించేది కొనుగోళ్ల వైపు.

ఎలాగంటే, నెలనెలా రిటర్ను వేసేవాళ్లకు ప్రతి నెలా 14న మన కొనుగోళ్ల జాబితా, అంటే జీఎస్టీఆర్-2బీ, తయారవుతుంది. సరఫరాదారు తన రిటర్నులో చూపిన బిల్లు అందులో కనిపిస్తేనే మనకు ఇన్‌పుట్. 2024 అక్టోబరులో పోర్టల్లోకి వచ్చిన ఐఎంఎస్ అనే బిల్లులు సరిచూసే పేజీలో ఒక్కో బిల్లునూ ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, ఆపి ఉంచవచ్చు. ఏమీ చేయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. నూటయాభై కొనుగోలు బిల్లులను 2బీతో పక్కపక్కన పెట్టి చేత్తో సరిచూడటం రోజంతా పట్టే పని. 2బీని సాఫ్ట్‌వేర్ తనే దించుకుంటే కలవని పది పన్నెండు బిల్లులే ముందుకు వస్తాయి. ఒక్క లక్ష రూపాయల బిల్లు 18 శాతం రేటులో తప్పిపోయినా పోయేది 18,000. సాధారణంగా మరుసటి ఆర్థిక సంవత్సరం నవంబరు 30 దాటితే ఆ ఇన్‌పుట్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇక్కడ గుమాస్తా అలవాటొకటి మార్పించాలి. సరఫరాదారు బిల్లు నంబరు ‘వీజేఏ/25-26/0187’ అయితే మనవాళ్లు ‘187’ అని ఎక్కించి ఊరుకుంటారు. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ రెంటినీ కలపలేదు. ‘సప్లయర్ ఇన్వాయిస్ నంబర్’ గడిలో కాగితం మీదున్నది ఉన్నట్టే పడాలి, తేదీ కూడా సరఫరాదారు బిల్లుదే పడాలి.

సాఫ్ట్‌వేర్ ఎక్కడ ముంచుతుంది

మాస్టర్ల దగ్గర, అంటే పార్టీల, సరుకుల వివరాలు ఒకసారి ఎక్కించి ఉంచే చోట. పోర్టల్లో చేత్తో కొడితే ఒక బిల్లు తప్పవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో పార్టీ ఖాతాలో రాష్ట్రం తప్పు పెడితే ఆ పార్టీకి రాసిన బిల్లులన్నీ తప్పవుతాయి. తెలంగాణ పార్టీకి ఆంధ్ర అని ఎంచితే ఐజీఎస్టీ పడాల్సిన చోట సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి. సరిదిద్దాలంటే సరైన పద్దు కింద మళ్లీ పన్ను కట్టి, పొరపాటున కట్టిన దాన్ని రెండేళ్లలోపు రీఫండ్ అడగాలి. వడ్డీ ఉండదు కానీ అంతకాలం డబ్బు ఇరుక్కుంటుంది.

రెండోది రేట్లు. 2025 సెప్టెంబరు 22న 12, 28 శాతం శ్లాబుల్లోని సరుకులు చాలావరకు 5కో 18కో మారాయి. సరుకు మాస్టర్లో కొత్త రేటును ‘ఫలానా తేదీ నుంచి’ అని ఎక్కించాలి. తేదీ పెట్టకుండా పాత రేటు మీదే దిద్దితే, సెప్టెంబరు 10 నాటి బిల్లును ఏ కారణంతో తెరిచి సేవ్ చేసినా కొత్త రేటు లోపలికి చొరబడవచ్చు.

మూడోది మళ్లీ ఎక్కించడం. అదే నంబరుతో బిల్లు మళ్లీ పంపితే పాతదాని మీద పడుతుంది, అంతవరకు బాగానే ఉంది. కానీ ట్యాలీలో నంబరు మార్చినా, బిల్లు తీసేసినా, పోర్టల్లోకి ముందే వెళ్లిన పాత బిల్లు అలాగే ఉండిపోతుంది. ఒకే అమ్మకం రెండుసార్లు లెక్కలోకొస్తుంది. దాఖలు చేయకముందైతే జీఎస్టీఆర్-1లోని ‘రీసెట్’ నొక్కి ఖాళీచేసి, మొత్తం మళ్లీ ఎక్కించడం తేలిక.

ఇ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్లో నమోదుచేసి నంబరు తీసుకునే బిల్లు) రాసే షాపులకు ఇది ఇంకా సున్నితం. 2017-18 నుంచి ఏ ఒక్క ఏడాదైనా టర్నోవర్ 5 కోట్లు దాటితే ఇ-ఇన్వాయిస్ తప్పదు. ఆ బిల్లులు జీఎస్టీఆర్-1లోకి వాటంతటవే చేరతాయి. వాటినే మళ్లీ జేసన్లో పంపితే ఆ నమోదు నంబరు, అంటే ఐఆర్‌ఎన్, ఉండే గడులు ఖాళీ అయిపోతాయి. అందుకని ఫైలులో ఇ-ఇన్వాయిస్ కాని బిల్లులు మాత్రమే ఉంచాలి. 10 కోట్లు దాటినవాళ్లు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపు ఐఆర్‌ఎన్ తీసుకోవాలి. రద్దు చేయడానికి 24 గంటలే, ఆ తర్వాత క్రెడిట్ నోటే గతి. ఇన్ని గడువులను చేత్తో నడపడం కష్టం కాబట్టి ఈ షాపులకు సాఫ్ట్‌వేర్ ఒక్కటే దారి.

లండన్లో కొట్టు నడిపే మనవాళ్లకైతే ఈ ఎంపికే లేదు. బ్రిటన్‌లో వ్యాట్ రిటర్ను 2019 ఏప్రిల్ నుంచి అంచెలంచెలుగా సాఫ్ట్‌వేర్ ద్వారానే పంపాలన్న నియమం వచ్చింది. ఒక షీటు నుంచి ఇంకో షీటుకు అంకెల్ని కాపీ చేసి అతికించినా డిజిటల్ లెక్క కింద ఒప్పుకోరు. మన దగ్గర అంత పట్టింపు లేదు. లేదు కదా అని అతికిస్తూ పోతే నష్టం మాత్రం మనదే.

ఎవరికి ఏది

నంబరు లేని కొనుగోలుదారులే ఎక్కువైతే పోర్టల్. నెలకు 30 నుంచి 200 బిల్లులు, కొనుగోళ్లు తక్కువైతే ఏదైనా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, జేసన్. కొనుగోలు బిల్లులు వంద దాటితే, అమ్మకాలు ఎన్నున్నా సరే, నేరుగా కలిసే సాఫ్ట్‌వేర్. అమ్మకాల బిల్లులు 500 దాటితే పోర్టల్ తెర మీద అవి విడివిడిగా కనిపించవు కాబట్టి అక్కడా ఇదే. ఎక్సెల్‌ను మారే దశలో ఒకటి రెండు నెలలకు మించి వాడొద్దని మా మాట. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి ఏం ఎప్పుడు మార్చారో రాసిపెట్టే ఎడిట్ లాగ్ ఉండి, దాన్ని ఆపేయడానికి వీల్లేని సాఫ్ట్‌వేరే వాడాలి. కొనేముందు అది అడగండి.

మారేముందు పోర్టల్లో రిజిస్టరైన ఫోన్ నంబరు ఎవరిదో చూసుకోండి. చాలా షాపులకు అది ఎప్పుడో మానేసి వెళ్లిపోయిన అకౌంటెంటుది. ఓటీపీలన్నీ అక్కడికే పోతాయి. పోర్టల్లో రిజిస్ట్రేషన్ వివరాల ‘నాన్-కోర్’ సవరణలో సంతకందారు వివరాల కింద మార్చుకోవచ్చు.

మొదటి నెల పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ లెక్కతీసి, పన్ను వేయాల్సిన విలువ, ఐజీఎస్టీ, సీజీఎస్టీ మూడు మొత్తాలూ పక్కపక్కన పెట్టండి. తేడా రూపాయిల్లో ఉంటే రౌండింగుది, వదిలేయొచ్చు. పెద్దదైతే దాన్ని 9తో భాగించి చూడండి. శేషం లేకుండా పోతే ఎక్కడో 5,400ను 4,500గా కొట్టి ఉండే అవకాశం ఎక్కువ. పోకపోతే, ఆ మొత్తానికి సరిపోయే బిల్లు ఏదో ఒకవైపు అసలు ఎక్కలేదేమో వెతకండి.