గ్రీస్ అంటే బొంబాయి రవ్వ: వ్రోత్స్వాఫ్ ఆదివారం సంతలో కొన్న జాడీలు

రేటింగ్: 5కి 4

పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో మూడేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడి పాత సామాన్ల సంతలో 120 జ్లోటీలకు నాలుగు పింగాణీ జాడీలు కొన్నాను. వాటి మీద నీలం అక్షరాలతో మేల్, రైస్, గ్రీస్, జాల్ట్స్ అని ఉంది. అంతా జర్మన్. మూడోది చదివి బండికి పూసే గ్రీస్ అనుకున్నా. ఫోన్‌లో వెతికితే రవ్వట! మిగతావి పిండి, బియ్యం, ఉప్పు. ఇంక బేరం కూడా ఆడలేదు.

అమ్మిన పెద్దాయన "పోనియెమియెత్‌స్కియె" అన్నాడు. జర్మన్లు పోయాక మిగిలినవి అని అర్థం. ఇక్కడ బీరువాలనీ ఇళ్లనీ కూడా అలాగే అంటారు. 1945 దాకా ఈ ఊరు బ్రెస్లావ్, జర్మనీది. యుద్ధం అయ్యాక సరిహద్దు మారింది, జర్మన్లను పంపించేశారు. అప్పట్లో పోలండ్‌దైన ల్వూఫ్ (ఇప్పుడు ఉక్రెయిన్‌లోని ల్వివ్) వైపు సోవియట్ చేతిలోకి పోవడంతో అక్కడి పోలిష్ వాళ్లు రైళ్లలో వచ్చి ఈ ఇళ్లలో దిగారు. వాళ్లూ ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చినవాళ్లే.

సరే, జాడీల సంగతి. రవ్వ జాడీలో కిలో సులువుగా పడుతుంది. మూతకి రబ్బరు లేదు, అందుకే పురుగు పడకుండా రవ్వ వేయించి పోస్తున్నా. ఒక స్టార్ తగ్గించింది దీనికే. కొనేముందు గోటితో కొట్టి చూడండి, పగులు ఉంటే చప్పుడు బొంగురుగా వస్తుంది. పాత మెరుగులో సీసం ఉండొచ్చు కాబట్టి ఆవకాయలాంటి పులుపు మాత్రం పెట్టకండి. డబ్బు నోట్లుగా తీసుకెళ్లండి, ఎనిమిదిలోపే వెళ్లండి.

వీడియో కాల్‌లో అమ్మ మూడు జాడీలకీ ముచ్చటపడింది. నాలుగోది చూపించగానే, "పరాయి వాళ్ల ఉప్పు జాడీ ఇంట్లోకి ఎందుకు తెచ్చావే? ఎవరి ఉసురో ఏమో!" అంది. అది అలా ఖాళీగానే ఉండిపోయింది.

పోయిన నెల మా ఇంటి ఓనర్ ఆవిడ మీటర్ చూడటానికి వచ్చి, వంటగదిలో వీటిని చూసి ఆగిపోయింది. ఈ ఫ్లాట్‌కి వాళ్లమ్మ 1946లో వచ్చేసరికి అలమరలో ఇలాంటివే ఉన్నాయట. ఆ జర్మన్లు తిరిగొచ్చి అడిగితే ఇచ్చేద్దామని ఏళ్ల తరబడి వాడలేదట. తన సామాను కూడా సగం పెట్టెలోనే ఉంచిందట, ల్వూఫ్‌కి ఎప్పుడు పొమ్మంటారో అని. చివరికి పిండి జాడీలో బొత్తాలు పోసుకుంది.

"మరి ఉప్పుదో?" అన్నాను.

"ఉప్పుదా? మొదటి రోజే వాడాం. ఉప్పు దానిలోనే ఉంది మరి."

నా ఖాళీ జాడీ ఆవిడకే ఇచ్చేశా. అమ్మకి చెప్పలేదు.