కలెక్టరేట్ ఎదురుగా అర్జీలు రాసే షాపు, 150 రూపాయలు, నాలుగు స్టార్లు

షాపు అన్నాను గానీ నిజానికి రేకుల షెడ్డు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, బయట బెంచీ, అంతే. సోమవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కాబట్టి బెంచీ మీద చోటు కూడా దొరకదు, నేను తెలియక వెళ్లి రెండు గంటలు నిలబడ్డాను.

మా ఊరి రైల్వే అండర్‌పాస్‌లో గట్టి వాన పడితే నడుము లోతు నీళ్లు. దాని గురించి ఎమ్మెల్యేకి ఇద్దామని నేనే మూడు పేజీలు రాసుకెళ్లాను. మొదటి పేజీ సగం వరకూ ‘బడుగు బలహీన వర్గాల ఆశాజ్యోతి’ లాంటి బిరుదులే, పనిలో పనిగా వీధి లైట్లు, మా అత్త పింఛను కూడా ఇరికించాను. అక్కడి పెద్దాయన అద్దాలు సర్దుకుని మొత్తం చదివి ‘ఇది అర్జీయా, సన్మాన పత్రమా బాబూ?’ అన్నాడు. ఒళ్లు మండింది గానీ ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదు.

పట్టాలు ఎవరివి? రైల్వే వాళ్లవి. మరి ఎమ్మెల్యేకి ఎందుకు, ఎంపీకి రాయి, ఒక ప్రతి డీఆర్ఎంకి, అంటే రైల్వే డివిజన్ పెద్ద అధికారికి పెట్టు అన్నాడు. లైట్ల సంగతి పంచాయతీకి విడిగా ఇవ్వాలట, అన్నీ ఒకే కాగితం మీద ఉంటే అది ఎవరి టేబుల్ మీదికీ వెళ్లదట. సరే, ఎంపీ నిధులతో చేయించమని రాయండి అన్నాను. ఆ నిధులు ఏడాదికి 5 కోట్లు, ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలకీ అవే, పైగా ఆ డబ్బు ఎంపీ చేతికి రాదు, ఆయన సిఫార్సు చేస్తే జిల్లా అధికారులు పని చేయిస్తారు. అందుకే డబ్బు అడక్కుండా, నీళ్లు తోడే మోటారు పెట్టించమని డీఆర్ఎంకి ఒక ఉత్తరం రాయండి అని మాత్రమే అడిగించాడు.

దారి ఎన్ని రోజులు మూసుకుపోయింది, తేదీలు చెప్పు అన్నాడు. ‘చాలా రోజులు’ అంటే టైప్ చేయనన్నాడు! స్కూలు ఆటో అతనికి ఫోన్ చేస్తే, ట్రిప్పు పోయిన రోజులు డైరీలో రాసుకున్నాడు, జూలై, ఆగస్టుల్లో కలిపి 11. ఆ తేదీలే ఉత్తరంలో రెండో వాక్యం అయ్యాయి. మొత్తం ఒకటే పేజీ, కింద సంతకాలు, ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు, వెనక రెండు ఫొటోలు. జెరాక్స్ కాపీ మీద ‘రిసీవ్డ్’ ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దని రెండుసార్లు చెప్పాడు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ఇంకా పాత అనూ ఫాంట్‌లోనే టైప్ చేస్తున్నాడు. ఆ ఫైలు ఫోన్‌లో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చి గీతలు, ఎంపీ ఆఫీసుకి మెయిల్ పెట్టడానికి ఇంట్లో మళ్లీ మొత్తం కొట్టుకున్నాను. మా ఇంటిపేరు కూడా తప్పు పడింది, సరిచేసిన ప్రింటుకి ఇంకో పది తీసుకున్నాడు.

ఐదు వారాలకి ఎంపీ గారు డీఆర్ఎంకి రాసిన ఉత్తరం నకలు పోస్టులో వచ్చింది. మోటారు ఇంకా రాలేదు. వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాను, ఈసారి వీధి లైట్ల అర్జీకి, మంగళవారం.