బ్యాంకాక్‌లో సర్జరీ బాగానే చేస్తారు, ఇబ్బందంతా ఆ తర్వాతి గదితోనే

శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెజైనోప్లాస్టీకి (కొత్తగా యోని మార్గం ఏర్పరచే ఆపరేషన్‌కి) బ్యాంకాక్ వెళ్ళే ట్రాన్స్ మహిళలు సర్జన్ గురించి ఏడాదిపాటు ఆరా తీస్తారు. డిశ్చార్జి అయ్యాక వారాల తరబడి పడుకోవాల్సిన గదికి మాత్రం ఏజెంటు చూపించిన రెండు ఫొటోలు చూసి సరే అనేస్తారు. డబ్బు పోయేదీ, ఏడుపొచ్చేదీ అక్కడే.

ఏజెంట్లు "అన్నీ కలిపేనమ్మా" అంటారు. ఏవి కలపలేదో అడిగితే గానీ చెప్పరు. థాయ్ మెడికల్ కౌన్సిల్ 2009 నిబంధనల ప్రకారం ఇద్దరు సైకియాట్రిస్టులు చూసి ఒప్పుకోవాలి, వాళ్ళలో ఒకరు థాయ్ డాక్టరే కావాలి. అంటే ఇక్కడి లెటరు ఒక్కటే చాలదు, అక్కడి ఫీజు వేరే. తోడు మనిషి మంచం కూడా వేరే. 2025 మే 1 నుంచి నింపాల్సిన డిజిటల్ అరైవల్ కార్డు ప్రభుత్వ సైటులో ఉచితం, దిగే ముందు మూడు రోజుల్లోపు ఫోన్‌లోనే అయిపోతుంది. దానికీ 1,500 రూపాయలు గుంజేవాళ్ళున్నారు.

ఆసుపత్రి రోజులకి మాత్రం వంక పెట్టలేం. మొదటి ఐదారు రోజులు లోపల గాజుగుడ్డ ప్యాకింగ్, మూత్రానికి కేథటర్ గొట్టం, పక్కన లోపలి రక్తం, నీరు బయటికి పోవడానికి డ్రెయిన్ గొట్టం. మంచం దిగనివ్వరు. రక్తం గడ్డకట్టకుండా కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడిగి, పాదాలు ఆడిస్తూ ఉండమంటారు. చాలామంది సర్జన్లు ఈస్ట్రోజన్‌ను రెండు నుంచి నాలుగు వారాల ముందే ఆపించేదీ ఇందుకే. హార్మోను ఆగి, పైన మత్తు, నొప్పి మందులు పడితే మూడో రోజు ఊరికే కన్నీళ్ళొస్తాయి. తోడొచ్చిన అక్క కంగారుపడి ఊరందరికీ ఫోన్లు కొట్టక్కర్లేదు.

తిండి అనుకున్నదానికంటే నయం. మొదట మలం తక్కువయ్యేలా ద్రవాలే ఇస్తారు. తర్వాత వచ్చే జోక్ అనే బియ్యపు జావలో అల్లం సన్నగా తరిగి వేస్తారు, నోటికి హితవుగా ఉంటుంది. బయట గిన్నె 50 బాట్. పంది మాంసం ఉండలు వేస్తారు కాబట్టి వద్దనుకుంటే ముందే చెప్పాలి. శాకాహారులు పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో 'జే' అని ఉన్న కొట్టు వెతుక్కోవాలి. మిగతాచోట్ల ఆకుకూరలోనూ చేపల సాసు పడుతుంది. మన పెద్దవాళ్ళు బాలింతకి పెట్టినట్టు నీళ్ళు తగ్గించి పథ్యం పెట్టబోతారు, ఒప్పుకోవద్దు. నీళ్ళు తగ్గితే మలం గట్టిపడుతుంది, ముక్కితే కుట్లు లాగుతాయి.

ఇక ఆ గది. ఏజెంట్లు పంపే లాడ్జి ఒకటుంది: రాత్రికి 1,200 బాట్, అదనపు పరుపుకి 500. ఫొటోలో ఈత కొలను మెరిసిపోతుంటుంది (కుట్లున్న మనిషికి ఈత కొలనెందుకో!). బాత్రూములో మోకాలెత్తు అంచున్న తొట్టి, కాలెత్తి దాటితేనే స్నానం. చేతి షవరు లేదు. పరుపు మధ్యలో కుంగిపోయింది, డైలేషన్‌కి (కొత్త మార్గం ముడుచుకుపోకుండా డైలేటర్ అనే కడ్డీ లోపల పెట్టి ఉంచడానికి) నడుం కింద గట్టిగా ఉండాలి. లిఫ్టు అరంతస్తు కింద ఆగుతుంది, మిగతాది మెట్లే. క్లినిక్ 6 కిలోమీటర్లే గానీ సాయంత్రం ట్రాఫిక్‌లో గంటన్నర. వాళ్ళ వ్యాను ట్రిప్పుకి 800 బాట్, బయట టాక్సీ మీటరేమో 35 బాట్ దగ్గర మొదలవుతుంది. గది మార్చమంటే రిసెప్షన్ ఆయన ఏజెంటుని అడగమంటాడు, ఏజెంటు రిసెప్షన్‌ని అడగమంటాడు. డబ్బు కట్టేముందు బాత్రూము వీడియో అడగండి. ఫొటో కాదు, వీడియో.

ప్యాకింగ్ తీశాక డైలేషన్ నేర్పుతారు. తోడు మనిషి పక్కనుండి చూడాలి, తర్వాత అద్దం పట్టేది వాళ్ళే. మొదట్లో సాధారణంగా రోజుకి మూడుసార్లు, దాదాపు అరగంట చొప్పున. సర్జన్ కాగితంలో వేరేగా ఉంటే అదే లెక్క. ముందు మూత్రానికి వెళ్ళిరావాలి. నీటితో చేసిన జెల్లీయే వాడాలి, వాజిలీన్ పనికిరాదు. డైలేటర్ మీది ఏ గీత దాకా లోపలికి వెళ్ళిందో రోజూ రాసుకుని, తగ్గుతుంటే ఆ రోజే క్లినిక్‌కి చెప్పాలి. నొప్పికి భయపడి పూటలు ఎగ్గొడితే మార్గం ముడుచుకుపోతుంది.

గోధుమ రంగు స్రావం మామూలే. గంటలో ప్యాడ్ తడిపేసే ఎర్ర రక్తం, 100.4 దాటిన జ్వరం, ఒక్క పిక్కే వాచడం, కేథటర్ తీశాక మూత్రం రాకపోవడం తెల్లారేదాకా ఆగేవి కావు. కొత్త మార్గంలోంచి గాలో మలమో వస్తే పేగుకి దారి పడిందేమోనని వెంటనే చూపించాలి. మూడు నాలుగు వారాల్లోపు తిరుగు టికెట్టు వద్దనేది వీటికోసమే. 2024 జులై 15 నుంచి మనకి వీసా లేకుండా 60 రోజులు ఇచ్చారు గానీ ఆ నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరే ముందు చూసుకోండి.

ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే ఉన్నాయో లేదో అక్కడే సరిచూసుకోవాలి. డైలేటర్లు సర్జన్ లెటరుతో చేతి సంచిలో పెట్టుకోవాలి, చెకిన్ బ్యాగు తప్పిపోతే రెండ్రోజులు ఆగే వస్తువు కాదది. 100 మి.లీ. దాటిన జెల్లీ ట్యూబు చెకిన్‌లోనే. విశాఖ నుంచి శ్రీకాకుళానికి బస్సెక్కొద్దు. కారు వెనక సీట్లో పక్కకి వాలి కూర్చుని, తగరపువలసలోనో రణస్థలంలోనో దిగి నాలుగడుగులు వేయాలి. ఇంట్లో నేల మీది మరుగుదొడ్డే ఉంటే మనిషి ఊళ్ళో దిగేలోపే కమోడ్ కుర్చీ కొని ఉంచాలి. సర్జన్ సరేననే దాకా గొంతుక్కూర్చోవడం కుదరదు.