మంచు జారుడుకి బట్టల టబ్బు: నా మార్కులు

మంచు పడిందంటే మా పిల్లలు ఇంట్లో సామానంతా బయటికి లాక్కెళ్తారు. వాళ్ల జారుడు బండ్లలో నా ఓటు బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బుకే. అడుగు నున్నగా ఉంటే చాలు, గట్టిపడ్డ మంచు మీద సర్రున పోతుంది. పిడికి తాడు కడితే చిన్నదాన్ని కూర్చోబెట్టి లాగొచ్చు కూడా. లోపమల్లా ఒకటే, మనం తిప్పితే తిరగదు, దానంతటది గిర్రున తిరుగుతుంది. అందుకే చెట్లూ రోడ్డూ లేని వాలు చూసుకోవాలి, హెల్మెట్ తప్పదు. పాత టబ్బయితే చలికి పెళుసెక్కి అంచు పగులుతుంది, చెయ్యి గీరుకుంటుంది. అట్టపెట్టె శుద్ధ దండగ, తడిసి ముద్దవుతుంది. చెత్త సంచిలో దూర్చితే కాసేపు నయం. మంచు కోటలకి వంటింటి గిన్నెలు భేష్, కాకపోతే తడి మంచయితేనే అచ్చు నిలుస్తుంది. పొడి మంచు పిండిలా రాలిపోతుంది.