హైవే మీద పిలవకుండా వచ్చే టోయింగ్ బండితో జాగ్రత్త (హైదరాబాద్–విజయవాడ రూట్లో తిరిగేవాళ్లు తప్పక చదవండి)

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. కాస్త చల్లారాక రాద్దామనుకున్నా గానీ, చల్లారితే ఇక రాయను, నా సంగతి నాకు తెలుసు.

టూకీగా చెప్తా. నార్కట్‌పల్లి దాటాక, రాత్రి పూట, ముందున్న డీసీఎం వ్యాను వాడు ఉన్నట్టుండి బ్రేకేశాడు. నేనూ వేశాను, కారు ఆగలేదు. కుడివైపు ముందు భాగం లోపలికి పోయింది. బంపర్, బానెట్, కుడి ఫెండర్, కుడి హెడ్‌లైట్ అన్నీ పోయాయి, రేడియేటర్ నుంచి కూలెంట్ కారుతోంది. మనుషులకు ఏమీ కాలేదు. డీసీఎం డ్రైవర్ దిగి, తన బండికి గీత కూడా పడలేదని చూసుకుని, మమ్మల్ని నాలుగు తిట్టి వెళ్లిపోయాడు. అతని మీద నాకు ఇప్పుడు అస్సలు కోపం లేదు. ఆ రాత్రి నిజాయితీగా మాట్లాడింది అతనొక్కడే అనిపిస్తోంది.

మా ఆవిడ హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తూనే ఉంది, ఈలోపే టోయింగ్ బండి వచ్చి ఆగింది. ఎవరు పిలిచారని అడిగితే నవ్వాడు. "టెన్షన్ పడకు అన్నా, మందుగాల అమ్మను కూసోబెట్టు" అని మా అత్తగారిని తన క్యాబిన్‌లో ఎక్కించి, నీళ్ల సీసా చేతికిచ్చాడు. ఆ నీళ్ల సీసా నాకు 23,500 రూపాయలు పడింది, లెక్క కింద రాస్తాను.

అతను బండి తీసుకెళ్లే గ్యారేజ్‌కి అన్ని ఇన్సూరెన్స్ కంపెనీలతోనూ టైఅప్ ఉందట, క్యాష్‌లెస్ అట (అంటే బిల్లు కంపెనీయే నేరుగా గ్యారేజ్‌కి కడుతుంది), మనం ఫైల్ ఛార్జీ కడితే చాలట. సెల్లు టార్చి పళ్ల మధ్య పెట్టుకుని, నలిగిన నా బానెట్ మీదే ఓ కాగితం సగానికి మడిచి పెట్టాడు. "టోయింగ్ స్లిప్పన్నా, బండి నీదేనని సంతకం, గంతే." పెట్టాను. నేషనల్ హైవే పెట్రోలింగ్ వాళ్లు వచ్చేసరికి మా బండి కొక్కేనికి వేలాడుతోంది. వాళ్లలో ఒకాయన టోయింగ్ వాడి వైపు చూసి, "మీరే పిలిచారా సార్ వీణ్ణి?" అని అడిగాడు. ఆ అడగడంలోనే అంతా ఉంది, నా బుర్రకి ఎక్కితే కదా.

గ్యారేజ్ పేరు రాయను. ఆ రూట్లో తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు, రోడ్డు మీదికే కనిపించే అంత పెద్ద బోర్డు, దాని మీద ఇన్సూరెన్స్ కంపెనీల బొమ్మలు వరసగా. పొద్దున్నే నా ఇన్సూరెన్స్ కంపెనీ టోల్‌ఫ్రీకి చేస్తే, అది మా నెట్‌వర్క్‌లోనే లేదన్నారు. క్యాష్‌లెస్ కుదరదు, నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి చూసేదాకా బండిని ఎవరూ ముట్టుకోకూడదు అన్నారు. వెంటనే గ్యారేజ్‌కి ఫోన్ చేసి చెప్పాను. "అట్లనే సార్, ముట్టం" అన్నాడు ఓనరు. ఎంత మర్యాదగా అన్నాడో.

సర్వేయర్‌తో కలిసి వెళ్లేసరికి నా బండిని పెళ్లయిన మర్నాడు పందిరి విప్పినట్టు విప్పేశారు. బంపర్ ఓ పక్క, బానెట్ గోడకి ఆనించి, రేడియేటర్ నేల మీద ఆయిల్ మరకలో. నట్లూ బోల్టులూ ఖాళీ పెయింట్ డబ్బాలో. ఆ కుప్పలో హెడ్‌లైట్లు రెండున్నాయి, రెండూ పగిలినవే.

నా బండికి తగిలింది కుడివైపు. ఎడమ లైటు ఆ రాత్రి వెలుగుతూనే ఉంది, దాని వెలుతురులోనే మా ఆవిడ ఫొటోలు తీసింది. కుప్పలో ఉన్న ఎడమ లైటు తీసి చూస్తే అద్దం పసుపు తిరిగిపోయి ఉంది, విరిగిన చెవి (బోల్టు బిగించే చోటు) దగ్గర దుమ్ము గట్టిపడి ఉంది. నిన్నా మొన్నా విరిగిన చోట అంత దుమ్ము పేరుకుంటుందా? ఎస్టిమేట్‌లో మాత్రం రెండు హెడ్‌లైట్లూ కొత్తవి వేయాలని రాశారు. ఫొటో చూపించి, నా లైటేదని అడిగాను. ఓనరు కుర్చీలోంచి లేవలేదు. "బండి గుద్దుకొచ్చింది మీరు సార్, మేం గాదు" అన్నాడు. వెనక పనిచేస్తున్న కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. తర్వాత సర్వేయర్ వైపు తిరిగి, "సార్‌కు చాయ్ చెప్పురా" అన్నాడు. సార్ అంటే ఆయనే. నాకు చాయ్ కూడా లేదు.

డబ్బు పోతే పోయిందిలే అనుకుంటాను గానీ, ఆ మాట మాత్రం నిద్రలో కూడా వినిపిస్తోంది.

సర్వేయర్ మంచాయన, చాయ్ తాగలేదు. "ఇలా విప్పేశాక ఏది యాక్సిడెంట్‌లో పోయిందో, ఏది ఇక్కడ పోయిందో నేనెలా రాయను చెప్పండి?" అన్నాడు. మా ఆవిడ ఫొటోలు లేకపోతే క్లెయిమ్ మొత్తం గంగలో కలిసేది. బండి తీసుకెళ్లిపోతానంటే అప్పుడు బయటికొచ్చింది ఆ మడత కాగితం. మడత లోపలి సగంలో ఉంది అసలు సంగతి: భాగాలు విప్పడానికి నేను ఒప్పుకున్నానట, రిపేరు అక్కడ చేయించకపోతే లేబరూ పార్కింగూ కట్టాలట. టోయింగ్ 7,000, విప్పిన లేబర్ 9,500, పార్కింగ్ 4,000, ఫైల్ ఛార్జీ 3,000. ఏ ఫైలో దేవుడికెరుక. ఫోన్‌పే చేస్తానంటే కుదరదు, క్యాషే కావాలి. రసీదు అడిగితే తెల్లకాగితం మీద అంకెలు వేసిచ్చాడు, దాని మీద జీఎస్టీ నంబరు మాట దేవుడెరుగు, గ్యారేజ్ పేరే లేదు. నా పాలసీలో టోయింగ్‌కి 1,500 దాకా ఇస్తారు, అది కూడా సరైన బిల్లు ఉంటేనే. అంటే అదీ గోవిందా.

ఇప్పుడు బండి కంపెనీ షోరూమ్ వర్క్‌షాప్‌లో ఉంది. అక్కడ ఇంకో విశేషం తెలిసింది. రెన్యువల్ చేసిన ఏజెంటు గారు నాతో ఒక్క మాటైనా అనకుండా జీరో డెప్ (పాతబడిందని భాగాల ధరలో కోత పెట్టకుండా ఇచ్చే కవర్) తీసేసి, ప్రీమియం తగ్గించానని చెప్పి పుణ్యం కట్టుకున్నారు. మూడేళ్లు దాటిన బండి కాబట్టి ఇనుప భాగాల మీద 25 శాతం కోత, బంపర్ లాంటి ప్లాస్టిక్ మీద ఏకంగా సగం. అద్దాలకు మాత్రం కోత లేదట, సంతోషం. ఆయన సంగతి వేరే రోజు రాస్తా, ఒకేసారి ఇద్దర్ని తిట్టే ఓపిక లేదు.

మీకు పనికొచ్చేవి నాలుగు ముక్కలు రాసి ఆపేస్తా. నేషనల్ హైవే మీదైతే 1033, ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు 108, 112. అవతలి మనిషికి దెబ్బ తగిలితే వైద్యం అందేలా చూడటం, పోలీసులకు చెప్పడం డ్రైవర్ బాధ్యతని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్‌లోనే ఉంది, అక్కడ గ్యారేజ్ గొడవలు ఆలోచించకండి. బండికే దెబ్బయితే, బండి కదలకముందే చుట్టూ తిరిగి ఫొటోలు తీయండి, బాగున్న భాగాలకి కూడా తీయండి. ముఖ్యంగా వాటికే తీయండి. ఓడోమీటరుకీ ఒకటి. ఇన్సూరెన్స్ టోల్‌ఫ్రీకి అక్కడి నుంచే చేసి, ఏ గ్యారేజ్‌కి తీసుకెళ్లాలో వాళ్లనే చెప్పమనండి. మడిచిన కాగితం ఎవడిచ్చినా విప్పి చదవండి, చీకటైతే ఫొటో తీసుకుని చదవండి. ఇవాళే పాలసీ తీసి జీరో డెప్ ఉందో లేదో చూసుకోండి.

ఇన్సూరెన్స్ ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కి పెట్టమని మా బావగారు అన్నారు. అది ఇన్సూరెన్స్ కంపెనీల లాంటివాటి మీదే కుదురుతుంది, గ్యారేజ్ మీద కుదరదు. గ్యారేజ్ మీదైతే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం, లేదంటే జిల్లా కన్స్యూమర్ కమిషన్. మనం కట్టింది ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా ఉండదు. 1915లో కంప్లైంట్ ఇచ్చేశాను, కమిషన్‌కి కాగితాలు రెడీ చేస్తున్నా. ఆ రూట్లో ఇలాగే డబ్బు కట్టి బండి విడిపించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మీకిచ్చిన తెల్లకాగితం ఫొటో నాకు పంపండి, నా కేసుకి జత చేస్తాను.